గాంధీని లెక్క అడిగిన ఆడిటరు

1934 జనవరి 15 మధ్యాహ్నం బీహార్‌ను భూకంపం కుదిపేసింది. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. రాజేంద్రప్రసాద్ ఆధ్వర్యంలోని సహాయ సంఘానికి దేశం నలుమూలల నుంచి విరాళాలు వచ్చిపడ్డాయి. అంత డబ్బును కనిపెట్టుకుని ఉండటానికి ఒక ఆడిటరును పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే కార్యకర్తల తిండికి రోజుకు ఇన్ని అణాలని గీత గీశారు. దాటితే ఎవరి జేబు వాళ్లదే అన్నారు. కొన్నాళ్లకు గాంధీ తన పరివారంతో పాట్నాలో దిగారు. వెంట ఉన్నవాళ్ల భోజనాలున్నాయి, మోటారుకు పెట్రోలు కావాలి. ఇవేవీ భూకంప నిధిలోంచి రావనీ, వేరే ఏర్పాటు చూసుకోవాలనీ ఆడిటరు గాంధీ కార్యదర్శి మహాదేవ్ దేశాయ్‌కి చెప్పేశారు. గాంధేయ వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకునే ఈ కథలో చివరికి నెగ్గింది ఆడిటరు మాటే.

ఆ ఆడిటరు జె.సి. కుమారప్ప. 1892 జనవరి 4న తంజావూరులో ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అప్పటి పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. లండన్‌లో అకౌంటెన్సీ చదివి, బొంబాయిలో ఆడిట్ సంస్థ నడిపారు. సూటు, బూటు, చేతికర్ర. 1927లో అమెరికా వెళ్లి మొదట సిరక్యూస్‌లో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ సెలిగ్మన్ దగ్గర ప్రభుత్వ ఆర్థిక విషయాలు చదివారు. అక్కడి ఒక చర్చిలో భారతదేశపు పేదరికం గురించి ఆయన చేసిన ప్రసంగం పత్రికకెక్కింది. సెలిగ్మన్ కంట పడింది. ఇదే ప్రశ్న మీద సిద్ధాంత వ్యాసం రాయవయ్యా అన్నారు.

తెల్లదొరతనం మీద అప్పటిదాకా పెద్ద ఫిర్యాదేమీ లేని మనిషి బ్రిటిష్ ఇండియా బడ్జెట్లు ముందేసుకుని కూర్చున్నాడు. పన్ను ఎవరి దగ్గర వసూలవుతోంది, ఎవరి మీద ఖర్చవుతోంది అన్నదే ఆయన వెతికింది. సైన్యం, దొరల జీతాలు, వాళ్ల పింఛన్లు, లండన్ అప్పుల మీద వడ్డీ. ఇవి పోగా మిగిలిన చిల్లరలో చదువుకు, వైద్యానికి, సేద్యానికి దక్కేది ఎంతో చూశాడు. రైతు కట్టిన శిస్తు రైతు ఊరికి తిరిగిరావడం లేదు. కుమారప్ప జాతీయవాది అయింది ఏ సభలోనో ఆవేశపడి కాదు. పద్దులు కూడగా, తీసివేయగా తేలిన మొత్తం ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది.

1929లో తిరిగొచ్చాక ఆ వ్యాసాన్ని గాంధీకి చూపించాలని సబర్మతి వెళ్లారు. పట్టు సూటు వేసుకున్నారు. చెప్పిన సమయానికి ముందే చేరితే, పేడతో అలికిన నేల మీద, చెట్టుకింద ఒక ముసలాయన రాట్నం వడుకుతూ కనిపించాడట. ఎవరో ఆశ్రమవాసి అనుకుని కాసేపు చేతికర్ర ఆనించుకుని నిలబడ్డారు. మీరేనా కుమారప్ప అని ఆ ముసలాయన అడిగాక గానీ తెలిసిరాలేదు. పట్టు సూటుతోనే నేల మీద చతికిలబడ్డారు. గాంధీ ఆ వ్యాసాన్ని ‘యంగ్ ఇండియా’లో ధారావాహికగా వేశారు. అంతటితో ఊరుకోకుండా, గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో ఊరూరా తిరిగి ఆర్థిక సర్వే చేయమన్నారు. గుజరాతీ రాదని కుమారప్ప అన్నా వదల్లేదు. ఇంటింటికీ వెళ్లి పశువులెన్ని, అప్పెంత, శిస్తెంత, తినేదేమిటి అని రాసుకొచ్చిన ఆ సర్వే, రైతు ఆదాయంలోంచి కాక అతని ఆకలిలోంచి శిస్తు వసూలవుతోందని తేల్చింది.

1931లో కాంగ్రెస్ మరో పని అప్పగించింది. భారతదేశం బ్రిటన్‌కు ‘బాకీ’ ఉన్నదంటున్న సొమ్ము సంగతి తేల్చమంది. అందుకోసం వేసిన సంఘంలో కుమారప్ప చేసిన పని అచ్చం దివాలా కంపెనీ ఖాతాలను ఆడిటరు తిరగేసినట్టే ఉంటుంది. ఈస్టిండియా కంపెనీని బ్రిటిష్ ప్రభుత్వం కొనుక్కున్న ఖరీదు మన ఖాతాలో పడింది. 1857 తిరుగుబాటును అణచిన ఖర్చూ మనదే. అఫ్ఘాన్ యుద్ధం ఖర్చూ మనదే. మెడకు ఉరితాడు పేని, ఆ తాడు ఖరీదు కూడా మన దగ్గరే వసూలు చేశారన్నమాట.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఈ రోజు కుమారప్ప పేరు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఆయన్ని పల్లెటూళ్లను తలుచుకుని కళ్లు తుడుచుకునే గాంధేయుడి కిందే జమకడతారు. ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటు లేదు. గాంధీ జయంతి నాడు జాబితా చివర ఎక్కడో పేరు వినిపిస్తుంది. నా ఉద్దేశంలో ఆయన్ని చదవాల్సింది సాధువుగా కాదు, లెక్కల మనిషిగా. ఆర్థికవేత్తలు ఏది పద్దులో రాయకుండా వదిలేస్తున్నారో, ఎవరి నష్టాన్ని ఇంకెవరి లాభంగా చూపిస్తున్నారో పట్టుకోవడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన సాధుత్వాన్ని పక్కన పెట్టినా ఆ లెక్కలు నిలుస్తాయి.

1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. వార్ధాలో జమ్నాలాల్ బజాజ్ ఇచ్చిన తోట దానికి కేంద్రం. మగన్‌లాల్ గాంధీ పేరున మగన్‌వాడీ అన్నారు. సంఘాన్ని నడిపింది కుమారప్పే. అక్కడ ఆయన మొదట చేతబట్టిన సరుకు బియ్యం.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొంచెం దగ్గరగా తగలాలి. ఆ రోజుల్లో మన దేశంలో బెరిబెరి జబ్బు అన్నిచోట్లా లేదు. ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లోనే. కూనూరు పరిశోధనాశాలలో రాబర్ట్ మెక్‌కారిసన్ దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తింటారు. ధాన్యాన్ని ముందే ఉడకబెట్టడంతో పై పొరలోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మనకు పచ్చి బియ్యమే కావాలి, అదీ మల్లెపువ్వులా ఉండాలి. రోకటి పోటుకు పొట్టు ఊడుతుంది గానీ తవుడు పొర చాలావరకు నిలుస్తుంది. మర తెల్లగా తోమేసి బి1 విటమిన్‌ను తవుడుతో సహా గేదెల తొట్టిలో పోస్తుంది. కాళ్లు వాచి, నరాలు చచ్చుబడి, గుండె ఆగిపోయేది అన్నం తినే మనుషులకు.

డాక్టర్లు ఇక్కడితో ఆగారు. కుమారప్ప పద్దు ఇక్కడ మొదలవుతుంది. మిల్లు పెట్టినాయన పుస్తకంలో లాభం కనిపిస్తోంది, నిజమే. అదే ఊళ్లో దంపుడు కూలి మీద బతికే ఆడవాళ్ల గింజలు పోయాయి. ఆ పద్దు ఏ పుస్తకంలో ఉంది? మర కొన్న డబ్బు దేశం దాటింది. బియ్యంలో పోషకం తగ్గింది కాబట్టి అదే కడుపు నిండటానికి వేరే తిండి కొనాలి, లేదా జబ్బుపడి మందు కొనాలి. తవుడు పోయిన బియ్యానికి పురుగు త్వరగా పట్టదు కాబట్టి వ్యాపారికి దూరం పంపడం, ఎక్కువ రోజులు నిలవచేయడం సులువు. కాబట్టి తెల్ల బియ్యం గెలిచింది తినేవాడికి మేలనో, చవకనో కాదు. సరఫరా చేసేవాడికి అనుకూలం కాబట్టి. ఎనభై తొంభై ఏళ్ల తర్వాత మనం రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు మిల్లులో చేయించి పంచుతున్నాం. రక్తహీనత దేశంలో తీవ్రమైన సమస్యే, ఆ పథకం మంచి చెడ్డలు వేరే చర్చ. అయినా మర తీసేసేది ఒకటి, దానికి ఒక ఖర్చు. మర కలిపేది ఇంకొకటి, దానికి మరో ఖర్చు. రెండూ జాతీయోత్పత్తికి జమే.

నూనెదీ అదే కథ. పల్లెల్లో లాంతరు వెలిగించేందుకు విదేశీ కిరోసిన్ వచ్చి, ఆముదం, వేప, కానుగ నూనెల వాడకం తగ్గిపోతోంది. కిరోసిన్ మానండని ఉపన్యాసం ఇచ్చినంత మాత్రాన ఎవరూ మానరని కుమారప్పకు తెలుసు. నూనె దీపానికి ఉన్న చిక్కు ఆచరణలోది: వెలుగు చాలదు, గాలికి నిలవదు, పొగచూరుతుంది, చిక్కటి నూనె వత్తిలోకి సరిగ్గా ఎక్కదు. మగన్‌వాడీలో కూర్చుని దాని మీద పనిచేశారు. గాజు చిమ్నీతో, నూనె మట్టం వత్తికి అందుబాటులో ఉండేలా ఒక లాంతరు తయారుచేశారు. పేరు ‘మగన్ దీపం’. గానుగను సవరించారు, ధాన్యం పొట్టు తీసే తిరగళ్లను మెరుగు చేశారు, చేతి కాగితం తయారీని మళ్లీ నిలబెట్టారు, తాటి, ఈత చెట్ల నుంచి బెల్లం తీసే పద్ధతిని వ్యాప్తి చేశారు. 1938 చివర్లో గాంధీ ప్రారంభించిన మగన్ సంగ్రహాలయంలో ఇవన్నీ ప్రదర్శించారు. యంత్రాలంటే గిట్టనివాడని ఆయన మీద వేసిన ముద్ర ఎంత తప్పో ఆ పనిముట్లు చూస్తే అర్థమవుతుంది. ఈ యంత్రం వల్ల ఎవరి చేతికి పని వస్తుంది, ఎవరి చేతిలోంచి పోతుంది అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబిచ్చిన యంత్రంతో ఆయనకు పేచీ లేదు.

తాటి బెల్లం లెక్క నాకు ఇంకా ఇష్టం. చెరకుకు మంచి నేల కావాలి, నీళ్లు కావాలి. వరి, పప్పు పండే భూమిని అది తినేస్తుంది. తాడి చెట్టు గట్టు మీద, చౌడులో, ఎవరూ పట్టించుకోని చోట పెరుగుతుంది. తీపి అక్కడి నుంచి తీసుకుంటే మంచి భూమి తిండిగింజలకు మిగులుతుంది. పైగా కల్లు మాన్పించాలనుకునే కాంగ్రెస్ ప్రభుత్వాలకు ఎదురయ్యే, గీత కార్మికుడి బతుకు ఏం కావాలన్న ప్రశ్నకు ఇదొక జవాబు. మద్య నిషేధం పేరెత్తిన ప్రతిసారీ మన దగ్గర ఆ ప్రశ్న ఇప్పటికీ లేస్తూనే ఉంటుంది.

కుమారప్ప 1936లో రాసిన ‘వై ది విలేజ్ మూవ్‌మెంట్’లో ఈ లెక్క కట్టే పద్ధతి ఊరి హద్దు దాటుతుంది. ఒక కప్పు కోకో తీసుకుంటారు. ఆ గింజలు పశ్చిమాఫ్రికాలో బలవంతపు చాకిరీ మీద పండి ఉండొచ్చు, యుద్ధనౌకలు కాపలా కాసే సముద్రం మీద ప్రయాణించి ఉండొచ్చు. అది తాగే పసివాడికి ఇదేమీ తెలియదు. కొనిచ్చిన తల్లిదండ్రులకు తెలియనక్కర్లేదా? దొంగ సొత్తు కొన్నవాడిని చట్టం శిక్షిస్తుంది. చాకిరీ దొంగిలించి తయారుచేసిన సరుకు కొన్నవాడిని మాత్రం ‘వినియోగదారుడు’ అని గౌరవిస్తాం. ఇప్పుడు ఐరోపా సూపర్ మార్కెట్లలో న్యాయమైన వాణిజ్యం ముద్రలు వేసి అమ్ముతున్న ఆలోచనకు ఇది ముత్తాత. ఒక తేడా ఉంది. ముద్ర ఉన్న సరుకు కొనడంతో మనసు తేలికపరుచుకోమని కుమారప్ప అనలేదు. సరుకు ఎక్కడిదో కొనేవాడి కంటికి కనిపించనంత దూరం నుంచి వస్తున్నప్పుడు అసలు బాధ్యత తీసుకోవడమే కుదరదు కాబట్టి, వీలైనంతవరకు మార్కెట్‌ను దగ్గరికి లాగమన్నారు.

డబ్బు గురించి ఆయన అన్నది మరీ సూటిగా ఉంటుంది. అరటిపళ్లు అమ్మే ఆమె చేతిలో సరుకు రేపటికి మగ్గుతుంది, ఎల్లుండికి కుళ్లుతుంది. కొనేవాడి జేబులో రూపాయి కుళ్లదు. అతను ఆగగలడు, ఆమె ఆగలేదు. కాబట్టి బేరం మొదలవక ముందే ఓడిపోయింది ఆమె. సరఫరా, గిరాకీ గీతలు రెండూ ఒకచోట కలుస్తాయని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ గీతల్లో ఒకటి కుళ్లిపోయే సరుకుదని చెప్పదు. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయి, బండి కిరాయి కూడా రాక రైతు రోడ్డు మీద పారబోసి వెళ్లిన ప్రతిసారీ మనం అధిక దిగుబడి అనీ, దళారులనీ అంటాం. రెండూ కారణాలే. వాటి వెనక ఉన్నది మాత్రం కుమారప్ప చెప్పిన ఈ కాల వ్యత్యాసం. శీతల గిడ్డంగులంటే రూపాయికి పుట్టుకతోనే ఉన్న శక్తిని కాస్త టమాటాకు అరువివ్వడం.

ఆయన పుస్తకాల్లో అందరూ ఎత్తిచెప్పేది ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’. 1942 ఉద్యమ కాలంలో, యుద్ధం పేరుతో బ్రిటన్ మన సరుకు తీసుకుని కాగితాలు చేతిలో పెడుతోందని రాసినందుకు జైల్లో వేశారు. జబల్పూర్ జైలులో రాసిన పుస్తకమిది, 1945లో వచ్చింది. ప్రకృతిలో వేటాడి తినే పులి నుంచి, తాను వేయని తోటలో పళ్లు తెంపుకునే కోతి, గూడు కట్టుకునే పిట్ట, సమూహం కోసం తేనె కూడబెట్టే తేనెటీగ దాకా మెట్లు కట్టి, అన్నిటికన్నా పైన బిడ్డ కోసం చాకిరీ చేసే తల్లిని నిలిపి, మనుషుల ఆర్థిక వ్యవస్థలు ఏ మెట్టు మీద ఉన్నాయో చూపిస్తారు. గాంధీకి బాగా నచ్చింది, ముందుమాట రాశారు. గ్రామ పరిశ్రమల డాక్టర్ అని సరదాగా ఒక బిరుదు కూడా తగిలించారు. పర్యావరణవాదులు ఆయన్ని గుర్తుపట్టింది ఈ పుస్తకంతోనే. బొగ్గు, పెట్రోలు, ఖనిజాల వంటి తరిగిపోయే సంపద మీద కట్టిన బతుకు తగువులకూ యుద్ధాలకూ దారి తీస్తుందని 1945లోనే అనడం చిన్న విషయం కాదు. అయినా నాకు ఇది ఆయన రచనల్లో బలహీనమైనదనే అనిపిస్తుంది. పులి దోపిడీదారు కాదు, తేనెటీగ సోషలిస్టు కాదు. పద్దుల పుస్తకం పక్కనపెట్టి ప్రకృతిలో నీతి వెతకడం మొదలుపెట్టినప్పుడు కుమారప్ప వాదంలో పదును తగ్గుతుంది.

నెహ్రూతో ఆయనకు పొసగలేదు. 1938లో కాంగ్రెస్ జాతీయ ప్రణాళికా సంఘం వేసినప్పుడు గ్రామ పరిశ్రమల తరఫున అందులో కూర్చున్నారు. పెద్ద పరిశ్రమల ప్రణాళికే ఇక్కడి పని అని అర్థమై కొద్ది సమావేశాలకే తప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో ప్రణాళికా సంఘం సలహా సమావేశానికి ఎద్దుల బండిలో బయలుదేరితే, ఆ రోడ్డు మీద బండ్లు నిషేధమని పోలీసులు ఆపారని ఒక కథ ప్రచారంలో ఉంది. మిలిటరీ లారీల వల్ల బండ్లకు ప్రమాదం కాబట్టి ఆపుతున్నామని నెహ్రూ అంటే, ప్రమాదం లారీల వల్లయితే లారీలనే ఆపండని కుమారప్ప అన్నారట. నిజంగా జరిగినా జరగకపోయినా ఇద్దరి స్వభావాలకూ సరిగ్గా అతికే కథ.

ఇక ఆయన లెక్కలో తప్పిపోయిన పద్దుల సంగతి. కొలంబియాలో ఇదే సెలిగ్మన్ దగ్గర, కుమారప్ప కంటే పదేళ్లకు పైగా ముందు, ఇంకో భారతీయుడు ప్రభుత్వ ఆర్థిక విషయాలే చదివాడు. బి.ఆర్. అంబేడ్కర్. ఇద్దరిదీ ఒకే గురువు, ఒకే శాస్త్రం. బ్రిటిష్ ఖజానా మీదే ఇద్దరి పరిశోధనా. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వపు మురికిగుంటగా, అజ్ఞానపు గుహగా నిందించారు. కుమారప్ప చూసిన ఊళ్లో వడ్రంగి, కుమ్మరి, గానుగ తిప్పే గాండ్ల మనిషి, చెప్పులు కుట్టే మనిషి ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు. అంబేడ్కర్ చూసిన ఊళ్లో చెప్పులు కుట్టే మనిషి ఊరి బావి దగ్గరికి రాకూడదు. మగన్‌వాడీలో కుమారప్ప తోలు పని, పాకీ పని కులంతో నిమిత్తం లేకుండా చేయించారు, స్వయంగా చేశారు కూడా. కానీ ఆశ్రమంలో ఇష్టపడి చేసే తోలు పనికీ, పుట్టుకతో మెడకు చుట్టుకున్న తోలు పనికీ ఉన్న దూరం ఆయన రచనల్లో కనిపించదు. కూలి రేటు రాశారు, అవమానం రాయలేదు. వర్ణ విభజన వెనక మొదట్లో ఏదో ఆదర్శం ఉండేదని నమ్మిన ఛాయలు కూడా ఆయన రాతల్లో ఉన్నాయి.

ఆడవాళ్ల విషయమూ అంతే. దంపుడు కూలి పోయిందని ఆయన బాధపడ్డారు, సరే. తెల్లవారుజామున లేచి కుందెన ముందు నిలబడి రోకలి వేసిన ఆడవాళ్లలో మర వచ్చినందుకు దండం పెట్టుకున్నవాళ్లు ఎంతమందో మన ఇళ్లలోని ముసలమ్మల్ని అడిగితే చెబుతారు. సొంత ఇంటి బియ్యం దంచిన శ్రమకు కూలి కూడా లేదు కదా. ధాన్యం లెక్క కూడా ఉంది. 1950-51లో దేశంలో పండిన తిండిగింజలు దాదాపు 5 కోట్ల టన్నులు. 2023-24లో 33 కోట్ల టన్నులు. రసాయన ఎరువులు భూమిని పాడుచేస్తాయని ఆయన చేసిన హెచ్చరిక నిజమే అయింది. ఆ ఎరువులే లేకపోతే ఈ 33 కోట్లు ఎలా పండేవో ఆయన పుస్తకాల్లో నమ్మదగ్గ జవాబు దొరకదు.

1960 జనవరి 30న, గాంధీ వర్ధంతి నాడే, కుమారప్ప పోయారు. చివరి ఏళ్లు మధురై దగ్గర కల్లుపట్టిలోని గాంధీ నికేతన్ ఆశ్రమంలో గడిపారు. 1973లో ఇ.ఎఫ్. షూమాకర్ ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’లో బౌద్ధ ఆర్థికశాస్త్రం గురించి రాస్తూ పని గురించి కుమారప్ప చెప్పిందాన్ని ప్రస్తావించారు. ఆ పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. క్రైస్తవుడు రాసిన గాంధేయ వాదం బౌద్ధం పేరుతో పడమటికి చేరింది, అక్కడి నుంచి మళ్లీ మన యూనివర్సిటీలకు వచ్చింది. ఇలాంటి దిగుమతులు మనకు కొత్తేం కాదు.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో కట్టె గానుగ నూనె, తాటి బెల్లం, దంపుడు బియ్యం అద్దాల అరల్లో మెరుస్తున్నాయి. కుమారప్ప జాబితా మొత్తం అక్కడుంది. కొంటున్నది మధుమేహం వచ్చిన, రాబోతున్న మధ్యతరగతి. అమ్ముతున్నదాంట్లో గానుగ తిప్పినవాడికి దక్కేదెంతో సీసా మీద రాయరు. పక్క వీధిలో పేదవాడి ఇంట్లో కూర తాలింపుకు వాడేది పామాయిల్. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చింది. దేశం వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే. పేదవాడి చేతికి పని, కడుపుకు పోషకం అని ఆయన వేసిన లెక్కలో మనం పోషకం కాలమ్‌ను ఉన్నవాళ్లకు కత్తిరించి ఇచ్చి, పని కాలమ్‌ను చించేశాం. ఆరోగ్యం కోసం గానుగ నూనె కొనుక్కునేవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మా ఇంట్లోనూ కొంటాం. దాన్ని కుమారప్ప పునరాగమనం అనడం మీదే.

ఆయన ఆలోచనల్లో ఒకటి మాత్రం ఎవరికీ సరదా కానిచోట, ఎవరూ సీసాలో పెట్టి అమ్మలేనిచోట మిగిలిపోయింది. 1947 చివర్లో కాంగ్రెస్ పార్టీ వ్యవసాయ సంస్కరణల సంఘం వేసి కుమారప్పను అధ్యక్షుడిని చేసింది. 1949లో నివేదిక వచ్చింది. అందులో తేనెటీగలు లేవు, తల్లి ప్రేమ లేదు. దున్నేవాడికీ ప్రభుత్వానికీ మధ్య ఎవరూ ఉండకూడదు. భూమిని కౌలుకివ్వడం నిషేధించాలి. వితంతువులు, మైనర్లు, వికలాంగుల వంటి వాళ్లకు మాత్రమే మినహాయింపు. ఆరేళ్లు వరసగా సాగు చేస్తున్న కౌలుదారుకు హక్కు రావాలి. బతకడానికి సరిపడే కమతం ఎంతో తేల్చి, దానికి మూడు రెట్లకు మించి ఎవరికీ భూమి ఉండకూడదు. వీటన్నిటికంటే ముఖ్యం, ‘స్వయంగా సాగు చేయడం’ అంటే ఏమిటో ఆ నివేదిక ఇచ్చిన నిర్వచనం: పొలం పనుల్లో కనీసమైన ఒళ్లువంపు ఉండాలి, సాగులో నిజంగా పాల్గొనాలి. పట్నంలో కూర్చుని పెట్టుబడి పంపేవాడు సాగుదారు కాడు. సంఘంలో సభ్యుడైన మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా అసమ్మతి పత్రం రాశారు. తర్వాత రాష్ట్రాలు చేసిన చట్టాల్లో స్వయం సాగు అన్న మాట ఉంది, ఒళ్లువంపు షరతు మాత్రం ఆవిరైంది. ‘స్వయంగా సాగు చేసుకుంటా’నన్న ఒక్క సాకుతో దేశమంతటా కౌలుదార్లను లక్షల సంఖ్యలో పొలాల నుంచి దింపేశారు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈ రోజు వరి నాటేవాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులే. పట్టాదారు పాసుపుస్తకం హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నవాళ్ల పేరున ఉంటుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ పేరు వెంటే నడుస్తాయి. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకే చెల్లించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదార్ల గుర్తింపు చట్టం చేసి రుణ అర్హత కార్డులిచ్చారు. అది పూర్తిగా అమలు కాకముందే 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం దాని స్థానంలో వచ్చింది. కొత్త చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే ఎక్కడ హక్కు పుట్టుకొస్తుందోనన్నది యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదేమోనన్నది రైతు భయం. కార్డు చాలామందికి రాలేదు.